మన తలలు లెక్కలో లేవు, మనం ఊడ్చే నేల లెక్కలో ఉన్నది

బడిలో అడ్మిషన్ల రోజులు. మాది శేరిలింగంపల్లి దిక్కు సర్కారు బడి. కిటికీలోంచి బయటికి చూస్తే అద్దాల మేడలు, లోపలికి చూస్తే పెచ్చులూడిన గోడలు. ఫారం నింపుతూ ఒక పిల్లను అడిగిన: "మీ అమ్మ ఏం పని చేస్తదమ్మా?" పిల్ల మెడ నిక్కించి చెప్పింది: "సాఫ్ట్‌వేర్ కంపెనీలో సార్."

నేను అట్లనే రాయబోయిన. పక్కన నిలబడ్డ తల్లి గబుక్కున అడ్డం వచ్చింది. "అట్ల రాయకుండ్రి సార్. రేపు ఎవరన్న ఎంక్వైరీకి పోతే ఆ కంపెనీలో నా పేరు దొరకదు. నేను ఏజెన్సీ మనిషిని. హౌస్‌కీపింగ్ అని రాయుండ్రి."

ఎన్నేండ్ల నుంచి చేస్తున్నవని అడిగిన. ఎనిమిదేండ్లట. అదే బిల్డింగు, అదే అంతస్తు, అవే బాత్రూములు. ఈ ఎనిమిదేండ్లలో ఏజెన్సీ మూడుసార్లు మారింది. మారినప్పుడల్లా ఆమె కొత్త మనిషి. మెడలో కార్డు మారుతది, చేతిలో కర్ర మారదు. ఎనిమిదేండ్లు పనిచేసినా ఏ ఏజెన్సీ కిందా అయిదేండ్లు నిండలేదు. కాబట్టి గ్రాట్యుటీ అన్న మాటే లేదు. ఆమె సర్వీసు ఎక్కడ పోయింది? నేల మింగిందా, ఆకాశం మింగిందా?

ఆ గడిలో నేనేం రాయాలె? ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క గడి గురించే.

తలలకు ఒక లెక్క, నేలకు ఒక లెక్క

కంపెనీ పెరగాలంటే ముందు మనుషుల లెక్క కట్టుకోవాలె. వచ్చే ఏడు పని ఎంత వస్తది, దానికి ఎంతమంది కావాలె, ఏ పని తెలిసినోళ్లు కావాలె, ఉన్నోళ్లలో ఎంతమంది మానేస్తరు, వాళ్ల జాగాలో ఎవరిని తేవాలె, ఎంతమందిని కాలేజీల నుంచి కొత్తగా తీసుకోవాలె, పని లేకున్నా ఎంతమందిని జీతమిచ్చి కూసోబెట్టుకోవాలె. దీన్ని వాళ్లు హెడ్‌కౌంట్ అంటరు. అంటే తలల లెక్క. ఇందులో తప్పేం లేదు. సాఫ్ట్‌వేర్ అయినా, ఫ్యాక్టరీ అయినా ఈ లెక్క లేకుంటే నడవదు. మా బడికి కూడా పిల్లల సంఖ్యను బట్టి టీచర్ల లెక్క ఉంటది.

తప్పు ఎక్కడున్నదంటే ఆ లెక్కలో ఎవరి తల వస్తది, ఎవరి తల రాదు అన్న కాడ. కంప్యూటర్ ముందు కూసున్నోడు తలల లెక్కలో ఉంటడు. వాని కుర్చీ కింద ఊడ్చే మనిషి ఉండదు. ఆమె లెక్క వేరే ఆఫీసులో వేరే కాగితం మీద కడతరు. బిల్డింగు ఇన్ని వేల చదరపు అడుగులు, బాత్రూములు ఇన్ని, గేట్లు ఇన్ని, షిఫ్టులు ఇన్ని, కాబట్టి ఇంతమంది సరిపోతరు అని. ఆ ఖర్చు జీతాల పద్దులో పడదు. కరెంటు బిల్లు, ఏసీ రిపేరు, ఫినాయిలు డబ్బాల పక్కన పడతది. అర్థమైందా అన్నలారా? ఆమె తల లెక్కలో లేదు. ఆమె ఊడ్చే నేల లెక్కలో ఉన్నది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ తేడా గుడ్డోనికి కూడా కనపడ్డది. తలల లెక్కలో ఉన్నోళ్లు ల్యాప్‌టాప్ సంకన పెట్టుకొని ఇంటికి పోయిన్రు, జీతం ఇంటికే వచ్చింది. మరి ఊడ్చే పని ఇంటి నుంచి ఎట్ల చేస్తరు? మేడలు ఖాళీ అయినయి, నేల ఊడ్చేది లేదు, కాబట్టి మనుషులు అక్కరలేదు. మా బడి పిల్లల తల్లులు ఎంతమంది రేషన్ బియ్యం మీద బతికిన్రో ఆ సంవత్సరం ఇంటింటికి తిరిగిన నాకు తెలుసు.

చట్టంలో రాసుకున్న వెలివాడ

ఇది ఏదో మేనేజరు మతిమరుపు అనుకుంటే పొరపాటు. దీన్ని చట్టం చేసి పెట్టిన్రు. ఆ కథ మన పిల్లలకు తెల్వాలె.

1970లో కాంట్రాక్టు లేబర్ చట్టం వచ్చింది. ఏడాది పొడుగునా ఉండే పని, సంస్థకు తప్పనిసరి అయిన పని కాంట్రాక్టు మీద చేయించొద్దని సర్కారు నిషేధించొచ్చు అని అందులో ఉన్నది. దాని కింద 1976 డిసెంబరు 9న కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చుడు, తుడుసుడు, కావలి పనులకు కాంట్రాక్టు మనుషులను పెట్టొద్దు అన్నది. ఇరవై ఏండ్లు ఆ కాగితాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: నిషేధించిన పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికులను ఆ సంస్థే తన కార్మికులుగా తీసుకోవాలె అని. ఆ తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి. మన తెలుగు నేల మీద పుట్టిన దళిత బిడ్డ. ఊడ్చేటోళ్ల బాధ ఏందో ఎరిగిన చెయ్యి రాసిన తీర్పు అది.

అయిదేండ్లు కూడా నిలవనియ్యలేదు. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు పెద్ద బెంచి ఆ తీర్పును కొట్టేసింది, 1976 ఉత్తర్వును కూడా కొట్టేసింది. ఇక మన రాష్ట్రం ఊరుకుంటదా? 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు సర్కారు ఆ చట్టానికి సవరణ తెచ్చింది. పనులను రెండుగా చీల్చింది. ఒకటి కోర్, అంటే అసలు పని. అక్కడ కాంట్రాక్టు మనుషులు వద్దు. మిగిలిందంతా కొసరు పని. అక్కడ కాంట్రాక్టు పెట్టుకోవచ్చు.

ఆ కొసరు పనుల జాబితా ఒక్కసారి చదువుండ్రి. ఊడ్చుడు, కడుగుడు, చెత్త ఎత్తుడు. కావలి కాసుడు. క్యాంటీన్లో వండుడు, వడ్డించుడు. మూటలు ఎత్తుడు, దించుడు. కట్టడం పని. తోటపని. హౌస్‌కీపింగ్, బట్టలుతుకుడు. బండ్లు నడుపుడు.

ఇది పనుల జాబితానా, కులాల జాబితానా? ఊడ్చుడు ఎవరి పని? మాదిగది, రెల్లిది. ఉతుకుడు ఎవరిది? చాకలిది. రాయి, మట్టి ఎవరివి? వడ్డెరలవి. కావలి ఎవరిది? ఊర్లో తలారిది. మనువు శ్లోకాల్లో చెప్పింది అసెంబ్లీ సెక్షన్లలో చెప్పింది. కోర్ అంటే ఊరు. నాన్‌కోర్ అంటే వాడ. అంతే తేడా.

ఇక ఇప్పుడు ఇది దేశం మొత్తానికి పాకింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఇంచుమించు అదే జాబితాను ఎత్తుకొని రాసుకున్నది. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే వర్తించేది. కొత్తది 50 మందికి పెంచింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. హైదరాబాదులో మొలిచిన వెలివాడ నమూనా ఢిల్లీకి పోయి దేశానికి చట్టమైంది. సైబరాబాద్ ప్రపంచానికి ఏమిచ్చిందని అడిగేటోళ్లకు ఇది కూడా చెప్పాలె.

ఇది మాకు కొత్త కాదు

మనుషుల అవసరం ముందే లెక్క కట్టుకునుడు పెద్ద కాలేజీల్లో నేర్పే కొత్త విద్య అని వాళ్లు అనుకుంటరు. మా తాతలకు ఈ విద్య బాగా తెలుసు, లెక్కలో పడ్డది వాళ్లే కాబట్టి. నిజాం కాలంలో ఊరికి ఇంతమంది సుంకరోళ్లు, ఇంతమంది నీరటోళ్లు, ఇంతమంది వెట్టోళ్లు అని లెక్క ఉండేది. అధికారి వస్తే మూట మోసేదెవరు, కబురు తీసుకపోయేదెవరు, చెరువు తూము కాడ ఉండేదెవరు, చచ్చిన గొడ్డును ఈడ్చేదెవరు, అన్నీ ముందే ఖరారు. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు, పుట్టుకే నియామకపత్రం. ఏ కులంల పుడితే ఆ కొలువు. జీతం మాత్రం దొర దయ.

పట్నంలో మిల్లు వస్తే ఇది పోతదని మన పెద్దలు ఆశపడ్డరు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఏమైంది? నూలు వడికే ఖాతాల్లో అంటరానోళ్లను పెట్టుకున్నరు. ఎక్కువ కూలి వచ్చే మగ్గాల ఖాతాలోకి మాత్రం రానియ్యలేదు. ఎందుకు? నాడె మార్చేటప్పుడు దారాన్ని నోటితో పీల్చాలె. మన ఎంగిలి తగిలిన దారం సవర్ణ కార్మికుడు ముట్టడట. 1928 బొంబాయి సమ్మెలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతే లేవనెత్తి, ఎర్రజెండా నాయకులను నిలదీసిండు. మగ్గం కూడా కులాన్ని గుర్తుపట్టింది అన్నలారా. మరి కంప్యూటర్ గుర్తుపట్టదని మనకు ఎవరు చెప్పిన్రు?

రోస్టర్ కూడా ఒక ప్లానే

మనుషుల లెక్క కట్టుడు తప్పు కాదన్న. న్యాయంగా కట్టిన లెక్క ఒకటి ఈ నగరంలోనే ఉండేది. బాలానగర్, సనత్‌నగర్, రామచంద్రాపురం. ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఆల్విన్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్. మా మేనమామ బాలానగర్లో ఒక సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి నుంచి కార్డు వస్తే పోయి చేరిండు. ఎవరి సిఫారసూ లేదు. ఆయన జీతంలోంచి నెలనెలా వచ్చిన పైసలతోనే నేను హాస్టల్లో పుస్తకాలు కొనుక్కున్న. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. దాని వెనక ఆ ఫ్యాక్టరీ సైరన్ ఉన్నది.

మామకు ఆ కార్డు ఎందుకొచ్చింది? రోస్టర్ వల్ల వచ్చింది. రోస్టర్ అంటే ఏంది? అదీ మనుషుల ప్రణాళికే. నూరు కొలువులు నింపాలంటే ఏ నంబరు ఎవరిదో ముందే రాసిపెట్టుకునుడు. ఉమ్మడి రాష్ట్రం నాటి రోస్టర్లో రెండో పాయింటు ఎస్సీ మహిళది, ఏడోది ఎస్సీది. ఆ పాయింటు కాడికి వచ్చినంక ఏ ఆఫీసరూ "వీళ్ల ఇంటి వాతావరణం ఎట్లుంటదో" అని గొణగలేడు. మెరిట్ చస్తదని మొత్తుకున్నరు గదా, బీహెచ్ఈఎల్ టర్బైన్లు తిరగలేదా? ఈసీఐఎల్ కంట్రోల్ ప్యానెళ్లు పనిచెయ్యలేదా?

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 1990లలో ఐడీపీఎల్‌లో ఉత్పత్తి ఆగింది. ఆల్విన్ ఫ్రిజ్‌లు వోల్టాస్ చేతికి పోయినయి. ప్రపంచబ్యాంకు అప్పు షరతులతో సర్కారు సంస్థలు ఒక్కొక్కటి మూతబడ్డయి, వీఆర్ఎస్ కాగితాలు చేతిల పెట్టిన్రు. సరిగ్గా అప్పుడే, 1998 నవంబరు 22న, ప్రధాని వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిండు. ఒక దిక్కు రోస్టర్ ఉన్న గేటు మూసిన్రు, ఇంకో దిక్కు రోస్టర్ లేని గేటు తెరిచిన్రు. రిజర్వేషన్ రద్దు చేస్తం అని ఏ ముఖ్యమంత్రీ అనలేదు. అనే అవసరం రాలేదు. కొలువులున్న చోటును మార్చిన్రు, సరిపోయింది.

మెరిట్ కు గేటు కాడ నలుగురు కావలి

మరి చదువుకున్న మన పిల్లలు ఆ కొత్త గేటు దాటొచ్చు గదా అంటరు. దాటినోళ్లు ఉన్నరు, వాళ్లకు దండం. దాటనియ్యని కావలోళ్ల గురించి కూడా చెప్పాలె.

నా దగ్గర చదివిన పిలగాడొకడు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బీటెక్ చేసిండు. ఇంటర్ అయినంక తండ్రి చచ్చిపోతే ఒక ఏడాది సెంట్రింగ్ పనికి పోయిండు. ఇంటర్లో 58 శాతం. కాలేజీకి కంపెనీ వస్తే మొదటి కావలోడు అడ్డం పడ్డడు: టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం ఉండాలె. రెండో కావలోడు: చదువులో గ్యాప్ ఉండొద్దు. తండ్రి చావు వాళ్ల భాషలో గ్యాప్. ఇంకో కంపెనీలో పరీక్ష దాటిండు, ఇంటర్వ్యూ దాకా పోయిండు. మూడో కావలోడు అడిగిండు: మీ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ ఏంది? "మా అమ్మ కూలి పని చేస్తది సార్" అన్నడు. మళ్ల ఫోన్ రాలేదు.

మాకు కులం అడిగే అలవాటే లేదంటరు. ఎందుకు అడుగుతరు? తండ్రి ఏం చేస్తడు, ఏ ఊరు, ఏ బడి, ఇంటి పేరేంది అని అడిగితే కులం దానంతటదే బయటికొస్తది. జోధ్కా, న్యూమన్ అనే పరిశోధకులు ఢిల్లీ ప్రాంతంలో నియామకాలు చేసే మేనేజర్లను కలిసి 2007లో రాసిన వ్యాసంలో ఇదే బయటపెట్టిన్రు. మెరిటే చూస్తం అన్న నోరే కుటుంబ నేపథ్యం ముఖ్యం అన్నది. అదే ఏడు థోరట్, అట్టెవెల్ ఇంకో పరిశోధన అచ్చు వేసిన్రు. పేపర్లో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిన్రు. చదువు ఒకటే, అర్హత ఒకటే, పేరు మాత్రమే వేరు. అగ్రకుల హిందువు పేరుతో పోల్చితే దళిత పేరుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. మనిషిని చూడలే, మాట వినలే, పేరు చూసే పక్కన పెట్టిన్రు. ఇదీ వాళ్ల మెరిట్ బండారం.

నాలుగో కావలోడు అందరికన్న గట్టోడు. వాని పేరు రెఫరల్. కంపెనీలో ఉన్నోడు తనకు తెలిసినోన్ని తెస్తే, తెచ్చినోనికి బోనస్. ఎవడు ఎవన్ని తెస్తడు? బావ బామ్మర్దిని, వదిన చెల్లెలి కొడుకును, ఊరోన్ని. మన దేశంలో "తెలిసినోడు" అంటే ఎవడు? పెండ్లిపందిట్లో పక్కన కూసున్నోడు. పెండ్లిపందిరి కులం దాటదు, కాబట్టి రెఫరల్ కూడా కులం దాటదు. కులసంఘం సిఫారసుకు కంపెనీ బోనస్ ఇస్తున్నది, అంతే. మనకు ఇస్తే రిజర్వేషన్, వాళ్లకు ఇస్తే రెఫరల్!

వాళ్ల అడ్డదారికి మందు పాత చట్టంలోనే ఉన్నది. 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిల చట్టం ప్రకారం 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా తన ఖాళీలను సర్కారుకు తెలపాలె. ఎక్స్చేంజి పంపినోళ్లనే తీసుకోవాలని లేదు గానీ, ఖాళీ ఉన్నదని చెప్పుడు తప్పనిసరి. ఎన్ని కంపెనీలు చెప్పినయి? చెప్పనోళ్లను ఏ అధికారి అడిగిండు? ఇప్పుడు అదే నిబంధన కెరీర్ సెంటర్ అనే పేరుతో 2020 సామాజిక భద్రత కోడ్‌లోకి ఎక్కింది. పేరు మారితే చాలదు, అడిగేటోడు ఉండాలె.

భూమి మనది, రాయితీ మనది, లెక్క మాత్రం వాళ్ల సొంతమట

ప్రైవేటు సంస్థను ఎట్ల అడుగుతరు, రాజ్యాంగం 16(4) సర్కారు కొలువుల వరకే గదా అని మన వకీళ్లు కూడా అంటరు. ముందు ఇది చెప్పండి. సైబర్ టవర్స్ ఎవరి భూమి మీద లేచింది? సర్కారు సంస్థ ఏపీఐఐసీ అందులో వాటాదారు. ఉమ్మడి రాష్ట్రం ఐటీ విధానంలో కంపెనీకి ఇచ్చే భూమి ధరలో ఒక్కో ఉద్యోగానికి 20,000 రూపాయల రాయితీ ఇస్తమన్నరు. అంటే సర్కారు తల లెక్కన పైసలు కట్టింది. తలకింత అని కట్టిన సర్కారు, ఆ తల ఏ వాడ నుంచి వచ్చిందని ఒక్కసారన్న అడగాలె గదా? సంతలో గొర్రెను కొన్నా ఏ మందదని అడుగుతం.

2022-23 నాటికి తెలంగాణ ఐటీలో 9 లక్షల 5 వేల పైన ఉద్యోగులున్నరని సర్కారు నివేదిక గొప్పగా చెప్పుకున్నది. 2013-14లో 3 లక్షల 23 వేలు. పెరిగింది, సంతోషం. ఆ నివేదికలో ఎగుమతుల లెక్క ఉన్నది, కొలువుల లెక్క ఉన్నది, కులం గడి మాత్రం లేదు. ఇదే రాష్ట్రం 2024లో ఇంటింటికి తిరిగి కులసర్వే చేసింది, ఎస్సీలు 17.43 శాతం అని తేల్చింది. మా టీచర్లమే తిరిగినం ఆ ఫారాలు పట్టుకొని. గుడిసె తలుపు కొట్టి కులం అడగొచ్చు, గచ్చిబౌలి అద్దం తలుపు కొట్టి అడగొద్దా?

లెక్క ఇచ్చుడు వాళ్లకు చేతగాక కాదు. అమెరికాలో వంద మంది పైన ఉన్న కంపెనీలు తెల్లోళ్లు ఎంతమంది, నల్లోళ్లు ఎంతమంది, ఏ హోదాలో ఎంతమంది అని 1966 నుంచి సర్కారుకు లెక్క ఇస్తూ వచ్చినయి. అవే కంపెనీలు గచ్చిబౌలికి వచ్చేసరికి లెక్క మరిచిపోతయి. మనోళ్లు మాత్రం కులాన్ని మరవకుండ సూట్‌కేసులో పెట్టుకొని అక్కడికి పోయిన్రు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చెయ్యాల్సి వచ్చింది. కులం లేని సాఫ్ట్‌వేర్ అని ఇక్కడ మనకు పాఠాలు చెప్పకండి.

ఇక చట్టం రాదంటరా? 2005లో రాజ్యాంగాన్ని 93వసారి సవరించి ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్ పెట్టొచ్చన్నరు. 2014లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ప్రైవేటు కాలేజీకి వర్తించింది ప్రైవేటు కంపెనీకి ఎందుకు వర్తించదు? 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. అది నిలుస్తదా లేదా అన్నది వేరే ముచ్చట. స్థానికత గుర్తొచ్చినప్పుడు సర్కారుకు చేతులొస్తయి, కులం గుర్తొస్తే పక్షవాతం వస్తదా? పరిశ్రమల పెద్దలు 2006లో తామే స్వచ్ఛందంగా చేస్తమని ప్రవర్తనా నియమావళి రాసుకున్నరు. స్వచ్ఛందంగా గుడి తలుపు తెరిచిన పూజారిని ఎవరన్న చూసిన్రా?

ఇప్పుడు కొత్త ఫ్యాక్టరీలు

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నవని అడుగుతరు. ఎందుకంటే కొత్త లెక్క ఇప్పుడే కడుతున్నరు. ఐటీ తర్వాత వంతు ఫ్యాక్టరీలది. ఆదిబట్లలో విమానం భాగాలు, కొంగరకలాన్‌లో ఎలక్ట్రానిక్స్. 2023 మే 15న కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్‌కు పునాదిరాయి వేసినప్పుడు మొదటి విడతలో 25 వేల కొలువులు అన్నరు. అంటే ఎక్కడో ఒక కాగితం మీద ఇన్ని వేల మంది, ఈ వయసు, ఈ చదువు అని రాసి ఉంటరు. రాసేటప్పుడు అడగకుంటే కట్టినంక అడిగి లాభం లేదు. హైటెక్ సిటీ కాడ మనం చేసిన తప్పు అదే. పునాది తవ్వినప్పుడు కూలికి పోయినం, గృహప్రవేశం నాడు హక్కు అడిగినం.

ఏ ఒక్క ఫ్యాక్టరీ పేరు తీసి నేను నింద వేయడం లేదు. దేశం మొత్తం రివాజు చెప్తున్న. పరిశ్రమల వార్షిక సర్వే ప్రకారం 2022-23లో ఫ్యాక్టరీ కార్మికుల్లో పదిమందిలో నలుగురు కాంట్రాక్టోళ్లే. ఇక్కడ ఊడ్చేటోళ్లే కాదు, మిషన్ మీద ఉన్నోడు కూడా ఏజెన్సీ మనిషే. ఇందాక చెప్పిన నా పిలగాడు ఇప్పుడు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ లైన్ మీద ఉన్నడు. బీటెక్ సర్టిఫికెట్ ట్రంకు పెట్టెల ఉన్నది. పదకొండు నెలల కాగితం, తర్వాత ఇంకో ఏజెన్సీ, ఇంకో ఫ్యాక్టరీ. "సార్, నేను ఎన్నేండ్లు చేసినా ఫ్రెషర్‌నే" అన్నడు మొన్న. ఆ హౌస్‌కీపింగ్ తల్లి మాట, ఈ బీటెక్ పిలగాని మాట ఒకటే అయిపోయింది. వాడ పెరుగుతున్నది అన్నలారా, ఊరు పెరగడం లేదు.

మనల్ని మనం కూడా అడుక్కోవాలె

వాళ్లను తిట్టి ఊరుకుంటే సగమే న్యాయం. వర్గీకరణ న్యాయమైన డిమాండు. 1994లో దండోరా మొదలైతే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఒప్పుకున్నది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలైంది. ముప్పై ఏండ్ల కొట్లాట, చిన్న ముచ్చట కాదు. కానీ ఆ ముప్పై ఏండ్లలోనే కుండ చిన్నగైంది. మాల మాదిగలం గంటెడు గంజి ఎట్ల పంచుకోవాల్నో తేల్చుకునే లోపల, వంట మొత్తం పక్కింటికి పోయింది. పంచుకునుడు ఎంత ముఖ్యమో, ఆ పక్కింట్లో మన వాటా అడుగుడు అంత ముఖ్యం.

రిజర్వేషన్ అన్నం తిన్న మా ఉద్యోగుల సంగతి చెప్పనా? పీఆర్సీ అంటే రోడ్డెక్కుతం, డీఏ అంటే ధర్నా చేస్తం. మా బడి ఊడ్చే అక్కకు ఎంతిస్తరో మాలో ఎంతమందికి తెలుసు? నాకు కూడా మూడేండ్ల దాకా తెల్వదు. సిగ్గుతోనే రాస్తున్న. ఎర్రజెండా యూనియన్లు కాంట్రాక్టు కార్మికుడు అంటయి గానీ, ఆ కార్మికుడు ఏ వాడ నుంచి వచ్చిండని అడగవు. మన సంఘాలు కులం అంటయి గానీ, గేటు కాడికి పోయి సభ్యత్వం రాయవు. ఇద్దరి నడుమ ఆ తల్లి నిలబడి ఉన్నది, మెడలో నాలుగో ఏజెన్సీ కార్డు వేసుకొని.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం.

1. సర్కారు భూమి, రాయితీ, పన్ను మాఫీ తీసుకున్న ప్రతి కంపెనీ, ఫ్యాక్టరీ తన మనుషుల లెక్కను కులాల వారీగా ఏటా బయటపెట్టాలె. పర్మినెంటు ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, ఏ హోదాలో ఎంతమంది. ఏజెన్సీ మనుషులు కూడా ఆ లెక్కలోకి రావాలె.

2. కొత్త ఫ్యాక్టరీతో ఒప్పందం రాసుకునే రోజే రోస్టర్ కూడా రాయాలె. రోస్టర్ లేకుంటే రాయితీ లేదు.

3. ఏడాది పొడుగునా ఉండే పనికి ఏడాది పొడుగునా ఉండే మనిషి. ఏజెన్సీ మారినా సర్వీసు తెగొద్దు. కోర్, నాన్‌కోర్ గీత చెరపాలె.

4. ప్రతి ఖాళీ నలుగురికీ తెలవాలె. రెఫరల్ చాటున నింపుడు బంద్ కావాలె. చదువులో గ్యాప్, అడుగడుగునా 60 శాతం అనే అడ్డుకర్రలు తియ్యాలె.

5. రెండేండ్ల తర్వాత ఎవరు కావాల్నో కంపెనీకి ఇప్పుడే తెలుసు. ఆ సంగతి ఇప్పుడే ఎస్సీ హాస్టళ్లకు, ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు చెప్పాలె. తర్ఫీదు ఖర్చు కంపెనీ పెట్టాలె.

ఇవి బిచ్చం కాదు. మన భూమి మీద, మన పన్నుతో, మన చెమటతో లేచిన మేడల్లో మన వాటా.

చివరికి ఆ ఫారం ముచ్చట. తల్లి వద్దన్నా నేను రాసిన. తల్లి వృత్తి అన్న గడిలో: హౌస్‌కీపింగ్ ఉద్యోగి, సాఫ్ట్‌వేర్ కంపెనీ. రెండు మాటలూ నిజమే. ఎనిమిదేండ్లు ఆ కంపెనీ నేలను అద్దం లెక్క ఉంచిన మనిషి ఆ కంపెనీ మనిషి కాకుంటే ఇంకెవరి మనిషి? "ఎంక్వైరీకి వస్తే ఎట్ల సార్?" అని భయంగా అడిగింది. రానియ్యమ్మా అన్న. వాళ్లు రావాల్ననే గదా రాసింది. వచ్చి, ఈమె మా లెక్కలో లేదు అని వాళ్ల నోటితో చెప్పనియ్యి. ఎందుకు లేదు అని అడగడానికి మన వాడ మొత్తం అక్కడ ఉండాలె.

జై భీమ్.